ఏడు రోడ్ల దగ్గర గ్రూప్-1 ఆదివారం బ్యాచ్: పాఠం బాగుంది, మెటీరియల్ బాలేదు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మేడ మీద నడిచే కోచింగ్‌లో అంతర్జాతీయ సంబంధాల ఆదివారం బ్యాచ్ ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు. చేరొచ్చు. విదేశీ సాయం మీద మాస్టారు చెప్పే పాఠం కోసమైనా చేరాలి. వాళ్లిచ్చే మెటీరియల్‌ని మాత్రం నమ్ముకోవద్దు.

పాఠం పీఎల్-480 గోధుమలతో, అంటే అమెరికా ఆహార సాయం చట్టం కింద మనకొచ్చిన గోధుమలతో మొదలవుతుంది. 1965, 66 కరువుల్లో మనం అమెరికా గోధుమల మీద ఆధారపడి ఉంటే, అధ్యక్షుడు జాన్సన్ ఒకేసారి ఇవ్వకుండా కొద్దికొద్దిగా వదిలాడు. వ్యవసాయ విధానం మార్చుకోమనే ఒత్తిడి ఒకవైపు, వియత్నాం యుద్ధాన్ని మనవాళ్లు విమర్శిస్తున్నారనే కోపం ఇంకోవైపు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించి డాలరును 4.76 నుంచి 7.50 రూపాయలకు చేర్చాం, అయినా దాని వెనకే వస్తుందనుకున్న సాయం అనుకున్నంత రాలేదు. మాస్టారు ఇవన్నీ బోర్డు మీద రాసి వదిలేయరు. డబ్బు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో అవతలివాళ్ల మూడ్‌ని బట్టి ఉంటే ప్రభుత్వం ప్రణాళిక ఎలా వేసుకుంటుందని అడిగి, జవాబు మనచేతే చెప్పిస్తారు.

తర్వాత ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి. అక్కడ రెండేళ్ల తాత్కాలిక సీటు దొరికిన దేశానికి అమెరికా సాయం సగటున 59 శాతం పెరుగుతుందని కుజీమ్కో, వెర్కర్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో లెక్కగట్టారు. తిరగబడితే ఏమవుతుందో యెమెన్‌కి తెలుసు, 1990లో ఇరాక్ మీద సైనిక చర్యకు దారి తీసిన తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేసి 7 కోట్ల డాలర్ల సాయం పోగొట్టుకుంది.

ఇక్కడ ఆమదాలవలస వైపు నుంచి వచ్చే ఒకబ్బాయి, "మరి అన్నేసి డబ్బులిస్తే జైరే ఎందుకు బాగుపడనేదు మాస్టారూ" అని అడిగాడు. ఈ బ్యాచ్‌లో నాకు బాగా నచ్చిన గంట అక్కడే మొదలైంది. జైరే (ఇప్పటి డెమొక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో) నియంత మొబుటు కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా నిలబడ్డాడు కాబట్టి పశ్చిమ దేశాలు దశాబ్దాల పాటు డబ్బు పోశాయి, ఎక్కడికి పోతోందో గట్టిగా అడగలేదు. అడిగితే స్నేహం చెడుతుంది. మండలిలో సీటు ఉన్న రోజుల్లో వచ్చిన సాయం మామూలు రోజుల్లో వచ్చిన సాయం కంటే తక్కువ వృద్ధినిచ్చిందని డ్రెహర్ అనే ఆర్థికవేత్త బృందం చూపించింది కూడా ఇందుకే సరిపోతుంది. దోస్తీ వల్ల డబ్బు రావడం తప్పని నేననను, కానీ ఆ దోస్తీయే లెక్క అడిగే నోరు మూయించేస్తే ఆ డబ్బుతో బడీ రాదు, కాలువా రాదు.

దక్షిణ కొరియాని మాత్రం హడావుడిగా ముగించేశారు, ఇది పెద్ద లోటు. అమెరికా వాళ్లకిచ్చిందీ రాజకీయ అవసరం కోసమే కదా. కానీ 60ల్లో ఆ సాయం తగ్గుతుందని తెలిశాక పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం ఎగుమతుల మీద పడింది. ఒకేరకం స్నేహం, రెండు దేశాల్లో రెండు ఫలితాలు. పరీక్షలో మార్కులు తెచ్చేది ఈ పోలికే, దీనికి ఇంకో క్లాసు కేటాయించాలి.

ఇక మెటీరియల్. బ్రిటన్ మనకి ఇప్పటికీ గ్రాంట్లు ఇస్తున్నట్టే రాసి ఉంది, 2015తోనే ఆపేస్తామని వాళ్లు 2012లోనే ప్రకటించారు. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత జపాన్ కొత్త రుణాలు ఆపేసిందని ఉంది గానీ, తర్వాత అదే జపాన్ మనకి ఎంత పెద్ద రుణదాత అయిందో లేదు. నాకు బాధ కలిగించింది ఇదే. నాగావళి మీద నారాయణపురం ఆనకట్టను ఆధునికీకరణకు తీసుకున్నది జపాన్ ప్రభుత్వ సాయ సంస్థ జైకా నిధులతోనే, హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్లు రుణమిచ్చింది మన జిల్లాలున్న ప్రాజెక్టుకే. రైతు ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు జైకా అంటే పేపర్ జిల్లా పేజీలో కనిపించే పేరుగానే మిగిలిపోతే ఎలా? ఢిల్లీ, టోక్యో బాగుంటే రుణం వస్తుంది, శివారు ఆయకట్టుకు నీళ్లు చేరాలంటే మాత్రం ఇక్కడ ఎవరో పనులు పట్టించుకోవాలి. ఈ రెండో సగం నోట్స్‌లో ఒక్క పేజీ కూడా లేదు.

మైకు సరిగా పనిచేయదు, ముందు బెంచీల్లో కూర్చోండి. మధ్యాహ్నానికే వదిలేస్తారు కాబట్టి నరసన్నపేట, ఆమదాలవలస వైపు వెళ్లేవాళ్లకు బస్సు టెన్షన్ ఉండదు. మెటీరియల్‌కి విడిగా డబ్బు అడుగుతారు, క్లాసు ఫీజు ఒక్కటే కడతామని చెప్పండి, ఒప్పుకుంటున్నారు.