గోల్డ్‌ఫిష్ జబ్బుకి లేబుల్ లేని నీలం సీసా అంటగడుతున్నారు, కొనకండి

గోల్డ్‌ఫిష్ డల్‌గా ఉందని చెప్పడమే ఆలస్యం, చాలా అక్వేరియం షాపుల్లో ఒక నీలం సీసా చేతిలో పెడుతున్నారు. దాని మీద మందు పేరుండదు, ఎంత శాతమో ఉండదు, గడువు తేదీ ఉండదు. "ట్యాంకుకి ఒక మూత పోయండి సార్, రేపటికి తిరుగుతుంది" అంటారు. ఏ ట్యాంకుకి? అయిదు లీటర్ల బౌలుకీ యాభై లీటర్ల ట్యాంకుకీ అదే మూతా?

ఆ నీలం రంగు సాధారణంగా మిథిలీన్ బ్లూ. మందుగా చెడ్డదేం కాదు. గుడ్లకు పట్టే బూజుకీ, చేప వ్యర్థాల అమ్మోనియా నుంచి పుట్టే నైట్రైట్ విషానికీ పనిచేస్తుంది. చిక్కంతా మోతాదులో ఉంది. 1 శాతం ద్రావణం 10 లీటర్లకు 2 మి.లీ. పోస్తే లీటరుకు 2 మి.గ్రా. పడుతుంది. సీసాలో ఉన్నది 5 శాతమైతే అదే 2 మి.లీ.తో 10 మి.గ్రా. పడుతుంది. లేబుల్ లేనప్పుడు ఈ లెక్క వేసేదెలా? పైగా ఇది ఫిల్టరులో అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. రెండు మూడు రోజుల్లో అమ్మోనియా పెరుగుతుంది, చేప ఇంకా నీరసిస్తుంది, షాపుకి వెళ్తే ఇంకో మూత పోయమంటారు.

కొత్త ట్యాంకులో చేపకి బాగాలేదంటే ముందు అనుమానించాల్సింది నీళ్ళను. ఫిల్టరులో బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా చేప పైకొచ్చి గుటకలు వేస్తుంది, రెక్కలు ముడుచుకుంటుంది, తోకలో ఎర్రటి చారలు కనిపిస్తాయి. సీసాకి పెట్టే డబ్బు అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్లకి పెట్టండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. పీహెచ్ 8 దాటిన నీళ్ళలో, ఎండాకాలం వేడిలో, అదే అమ్మోనియా మరింత విషం. మందు పోశాక టెస్ట్ చేస్తే నీలం రంగు కలిసి రీడింగ్ తప్పుతుంది, కాబట్టి ముందే చూడాలి.

రీడింగ్ వస్తే సగం నీళ్ళు మార్చండి, సున్నా అయ్యేదాకా రోజూ. కొత్త నీళ్ళు ట్యాంకు నీళ్ళంత వేడే ఉండాలి. మున్సిపల్ నీళ్ళయితే క్లోరిన్ తీసే మందు కలపాలి. బోరు నీళ్ళయితే రాత్రంతా ఎయిర్ పంప్ పెట్టి ఉంచాలి, ఎందుకంటే తోడిన వెంటనే వాటిలో ఆక్సిజన్ తక్కువ. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, ట్యాంకు నుంచి తీసిన నీళ్ళలోనే పిండండి. మేత ఆపేయండి.

జబ్బే కానిదానికి కూడా మందు అమ్ముతున్నారు. మగ గోల్డ్‌ఫిష్‌కి ఈడొచ్చాక మొప్పల మూతల మీదా ముందు రెక్కల అంచునా తెల్లటి చుక్కలు వస్తాయి. అది వైట్ స్పాట్ అనే పరాన్నజీవి జబ్బు కాదు. వైట్ స్పాట్ అయితే ఉప్పు రవ్వ చల్లినట్టు ఒళ్ళంతా, తోక మీద కూడా ఉంటుంది, చేప రాళ్ళకి ఒళ్ళు రాసుకుంటుంది. ఒంటి మీద నల్ల మచ్చలు వస్తే చాలాసార్లు అమ్మోనియాకి కాలిన చోటు మానుతోందన్నమాట, దానికి సీసా అక్కర్లేదు. ఒరాండా, రంచు లాంటి గుండ్రటి రకాలు తేలిపోతుంటే రెండు రోజులు పస్తుంచి, ఉడికించి తొక్క తీసిన పచ్చ బఠాణీ ముక్క వేసి చూడండి.

నిజంగా వైట్ స్పాటే అయితే ముందు కల్లుప్పు. ట్యాంకు పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి, 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. లీటరుకు 3 గ్రాముల చొప్పున, అంటే 40 లీటర్లకు 120 గ్రాములు. ఒకేసారి కాదు: మూడు భాగాలు చేసి, పన్నెండు గంటలకొకటి, నీళ్ళలో కరిగించి పోయాలి. రెండు వారాలు ఉంచాలి. మచ్చలు రాలిపోయాయని మధ్యలో ఆపితే, అడుగున పరాన్నజీవి కట్టుకున్న గూడు పగిలి, అది మళ్ళీ చేపకి ఎక్కుతుంది. ఉప్పు ఆవిరి కాదు గనుక, ఇగిరిన నీటికి బదులు మామూలు నీళ్ళే పోయాలి. తీసి మార్చిన నీటికి మాత్రమే ఉప్పు. మొక్కలుంటే ముందే తీసేయండి.

షాపువాళ్ళు చెప్పని ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. అమ్మోనియా పీల్చే తెల్ల రాళ్ళను జియోలైట్ పేరుతో అమ్ముతారు కదా, అవి ఫిల్టరులో ఉండగా ఉప్పు వేస్తే పట్టుకున్న అమ్మోనియాను తిరిగి నీళ్ళలోకి వదిలేస్తాయి. ఉప్పుకి ముందు జియోలైట్ బయటికి, మందుకి ముందు, మందును పీల్చేసే ఫిల్టరు కార్బన్ బయటికి.

టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గుళికలు విప్పి నీళ్ళలో కలపమనే సలహా ఇంకో దండగ. గట్టి బోరు నీళ్ళలో కాల్షియంతో అతుక్కుని మందు చాలా వరకు పనిచేయదు. ఆకుపచ్చ సీసా ఇస్తే అది మలకైట్ గ్రీన్ కావచ్చు. తినే చేపల పెంపకంలో నిషేధించిన మందు అది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పొలుసులు నిక్కబొడుచుకుని పొట్ట ఉబ్బిందంటే జబ్బు లోపల కిడ్నీల దాకా వెళ్ళి ఉండొచ్చు. నయం చేస్తామని గ్యారంటీ ఇచ్చే సీసా ఏదీ నమ్మకండి.

కొనేటప్పుడు షాపు ట్యాంకు నీళ్ళు నీలంగానో పసుపుగానో ఉంటే అక్కడ వైద్యం నడుస్తోందని అర్థం, సగం ధరకిచ్చినా ఆ చేప వద్దు. మామూలు నీళ్ళలోంచి తెచ్చిన చేపనైనా నాలుగు వారాలు విడి టబ్బులో, విడి వలతో ఉంచండి.