చేత్తో తిప్పే వేడి నూనె మర: మూడేళ్ళ వాడకం తర్వాత

బల్ల అంచుకు బోల్టులతో బిగించి చేత్తో తిప్పే చిన్న నూనె మర ఇది. చూడటానికి కైమా కొట్టే మిషన్‌కు తమ్ముడిలా ఉంటుంది. చిల్లుల పళ్ళెం ఉండాల్సిన చోట మందపాటి ఇనుప మూత, ఆ మూత కింద వత్తి దీపం. నువ్వులు, అవిసెలు, పొద్దుతిరుగుడు, వేరుశనగ అన్నీ మూడేళ్ళుగా దీంట్లో ఆడించాక తేలింది ఒకటే. నూనె ఎంత వస్తుందన్నది మర చేతిలో లేదు. గింజలో ఉన్న తడి, మూత దగ్గరున్న వేడి, ఈ రెండే అంతా నడిపిస్తాయి. మర బాగాలేదని తిట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది ఆడించింది మరీ ఎండిన గింజనో, చెమ్మ పట్టిన గింజనో అయి ఉంటుంది.

ముందు భాగాల సంగతి. పైన గరాటు, దాని కింద గొట్టం, గొట్టంలో స్క్రూ. గొట్టం చివరన మూత, మూత మధ్యలో బిగింపు బోల్టు. స్క్రూ గింజను ముందుకు తోస్తూ నలుపుతుంది. గొట్టం అడుగున, మూతకు కాస్త ముందే సన్నని చీలిక ఉంటుంది, నూనె కారేది అందులోంచే. పిప్పి మాత్రం ముందుకు పోయి, మూతకూ బోల్టుకూ మధ్య సందులోంచి గట్టి చెక్కగా బయటికి వస్తుంది. బోల్టు బిగించేకొద్దీ ఆ సందు ఇరుకవుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది.

దీపం గింజలను వేయించడానికి కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అది వేడి చేయాల్సింది మూతను. చెక్క చల్లగా ఉంటే సిమెంటులా గట్టిపడి సందులో ఇరుక్కుంటుంది. వేడిగా ఉంటే మెత్తబడి జారిపోతుంది, పిడి తేలిగ్గా తిరుగుతుంది. వేడికి నూనె పలచబడి చీలికలోంచి త్వరగా దిగడం దాని వెంట వచ్చే లాభం. అందుకే దీపం గరాటు కిందికి జరిగితే పని జరగదు. మంట కొస సరిగ్గా మూత అడుగుకు, ఒక సెంటీమీటరు దూరంలో ఉండాలి.

గింజ వేయకముందే పది నిమిషాలు మూతను వేడెక్కనివ్వాలి. ఆరు, ఏడు నిమిషాలకే తొందరపడితే మొదటి చెక్క లోపలే బిగుసుకుంటుంది, మళ్ళీ విప్పాల్సిందే. ఆడుతున్నప్పుడు మూత బయటివైపు 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఆ లెక్కన కారే నూనె 45 నుంచి 60 డిగ్రీల వరకు ఉంటుంది. గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే ఇనుము మీద తక్కువ చూపిస్తుంది. మూతలో మసిపట్టి నల్లబడిన చోటు మీద కొలిస్తే అంకెను నమ్మొచ్చు. వేడి మితిమీరితే చెక్క ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది, నూనెకు మాడు వాసన పడుతుంది, సందులో బొగ్గులాంటి పెచ్చు కడుతుంది. అప్పుడు దీపం తీసి పక్కన పెట్టి, తిప్పడం మాత్రం ఆపకూడదు.

ఈ మరలో తీసిన నూనెను ‘కోల్డ్ ప్రెస్డ్’, అంటే వేడి చేయకుండా పిండింది, అనొచ్చా అంటే, ఆ మాట వాడకపోవడమే నిజాయితీ. నూనె చీలిక మూతకు ముందే ఉంది కాబట్టి నూనె అన్నిటికంటే వేడి చోటుకు పోదు, నిజమే. కానీ ఇనుము ఇనుమే, గొట్టం కూడా వేడెక్కుతుంది.

దీపానికి స్పిరిటా, కిరసనాయిలా? కిరసనాయిలు ఎక్కువసేపు నిలకడగా మండుతుంది, కానీ వత్తి కాస్త పైకున్నా మసి కడుతుంది, ఆ మసి గిన్నెలో పడుతుంది. స్పిరిట్‌కు మసి ఉండదు. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనపడదు, ప్రమాదం అక్కడ. ఆరిపోయిందనుకుని పోయబోతే అంటుకుంటుంది. ఏది వాడినా దీపాన్ని ఆర్పి, చల్లారనిచ్చి, అప్పుడే నింపాలి. మర కింద ఒక ఇనుప ట్రే పరిచి, నూనె గిన్నెను మంటకు దూరంగా జరిపి పెట్టుకోవడం మంచిది.

మరను బల్లకు బిగించే సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. మందపాటి చెక్కబల్లకు రెండు బోల్టులతో బిగిస్తే తప్ప మర కదలకుండా నిలవదు. క్లాంపుతో తగిలిస్తే పావుగంటలో వదులైపోతుంది. తిప్పేవాడి బలమంతా మరను అదిమిపట్టడానికే సరిపోతుంది.

ఆడించే క్రమం ఇలా. వేడెక్కాక బోల్టును బాగా వదులు చేసి, గుప్పెడు గింజ వేసి నెమ్మదిగా తిప్పాలి. మొదట పొడిలాంటిది, తర్వాత మెత్తటి ముద్ద, ఆ తర్వాత పలచని పెచ్చులుగా చెక్క రావడం మొదలవుతుంది. అప్పుడు బోల్టును పావు చుట్టు బిగించి, పది పదిహేను తిప్పుళ్ళు చూసి, మళ్ళీ పావు చుట్టు. చెక్క గట్టిగా, వంచితే పుటుక్కున విరిగేలా వస్తూ పిడి ఒక చేత్తో తిరుగుతుంటే అదే సరైన బిగింపు. రెండు చేతులూ వేయాల్సి వస్తోందంటే పావు చుట్టు వెనక్కి తీయాలి. బోల్టును మొదటే బిగించి మొదలుపెట్టడం అందరూ చేసే తప్పు. అలా ఒకసారి బిగుసుకున్నాక బలం చూపిస్తే పిడి వంగుతుంది, కాదంటే బల్ల లేస్తుంది. కొత్త మరలో మొదటి అరకిలో గింజ, దాని నూనె పారేయాలి. లోపలి ఇనుప రజను, తయారీలో పూసిన గ్రీజు అందులోనే వచ్చేస్తాయి.

ఇక అసలు విషయం, తడి. గింజలో తేమ 6 నుంచి 8 శాతం మధ్య ఉండాలి. అంతకంటే ఎండితే చెక్క కట్టదు, పొడిపొడిగా రాలుతుంది. పిడి బిగుసుకుంటూ కీచుమంటుంది, నూనెలో మడ్డి సగం ఉంటుంది. తడి ఎక్కువైతే దానికి పూర్తిగా ఎదురు. పిడి హాయిగా తిరుగుతుంది, చెక్క టూత్‌పేస్టులా మెత్తగా వస్తుంది, చీలికలోంచి పాలలాంటి చుక్కలు నాలుగు పడి ఆగిపోతాయి. ‘ఎంత తేలిగ్గా తిరుగుతోందో’ అని సంబరపడే లోపే కిలో గింజ వృథా అయిపోతుంది.

కొలవడం కష్టం కాదు. కొంచెం నలిపిన గింజ 100 గ్రాములు తూచి, పళ్ళెంలో పలచగా పరిచి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంతవరకు ఉంచాలి. మళ్ళీ తూచితే ఎన్ని గ్రాములు తగ్గితే అంత శాతం తేమ. ఎండిపోయిన గింజకు కిలోకు 20 మిల్లీలీటర్ల నీళ్ళు చిలకరించి, బాగా కలిపి, మూతగట్టిన డబ్బాలో ఒక రాత్రి ఉంచితే తేమ సుమారు 2 శాతం పెరుగుతుంది. చల్లి వెంటనే ఆడిస్తే లాభం లేదు. నీళ్ళు పైపొట్టు మీదే ఉండిపోయి నూనెలో దిగుతాయి, ఆ నూనె వేడి చేసినప్పుడు చిటపటలాడుతుంది. తడిగింజకు మందు ఎండే, పలచగా పరిచి ఒక పూట.

గింజను బట్టి తీరు మారుతుంది. నువ్వులు ఈ మరకు పుట్టినింటి పిల్లలు. పొట్టుతోనే వేయాలి, ముందు ఏ తయారీ అక్కర్లేదు, ఇసుక లేకుండా జల్లెడ పడితే చాలు. కిలోకు 330 నుంచి 370 గ్రాముల నూనె, గంటసేపు పని. అవిసెలకు బిగింపు కాస్త తక్కువ కావాలి, కిలోకు 250 గ్రాములు అటూఇటూ. పొద్దుతిరుగుడులో నల్లగింజ రకాన్ని పొట్టుతోనే ఆడించాలి. పప్పు మాత్రమే వేస్తే లోపల వెన్నలా అయిపోయి స్క్రూతో పాటే గిరగిర తిరుగుతుంది, ముందుకు కదలదు. పట్టు దొరకడానికి పీచు కావాలి, ఆ పీచు పొట్టులో ఉంది. వేరుశనగదీ ఇదే గొడవ. పప్పును శనగగింజంత ముక్కలుగా విరిచి, పైతోలు తీయకుండా, కిలోకు 50 గ్రాముల శుభ్రమైన కాయపెంకు ముక్కలు కలిపితే దారికొస్తుంది. బూజు పట్టిన, ముడతపడిన పప్పు ఒక్కటి కూడా పోనివ్వకూడదు. శుద్ధి చేయని నూనెలోకి అఫ్లటాక్సిన్ అనే బూజు విషం దిగుతుంది, దాన్ని తీసే దారి ఇంట్లో లేదు.

వేయకూడనివీ ఉన్నాయి. ఆముదం గింజలు ఆడించిన మరను వంటనూనెకు మళ్ళీ వాడొద్దు. రిసిన్ అనే విషం నూనెలోకి రాదు, చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క తునకలు స్క్రూ చుట్ల మధ్య ఇరుక్కుని ఉంటాయి. పత్తిగింజల ముడినూనెలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది, అదీ వద్దు. ఆలివ్ కాయలు దీంట్లో ఆడవు. అది నీళ్ళున్న గుజ్జు, దానికి నూరి కలియబెట్టే వేరే పద్ధతి. నిమ్మగడ్డి, పుదీనా, యూకలిప్టస్ ఆకుల నూనె రావడం లేదని అడిగేవాళ్ళకు ఒకే జవాబు: ఆకుల పరిమళ తైలం పిండితే రాదు, ఆవిరి పట్టి బట్టీలో దించాలి.

శుభ్రం చేయడంలో అలసత్వం చూపితే మర పని అయిపోయినట్టే. గింజ అయిపోగానే, ఇంకా వేడిగా ఉండగానే, చేతికి గుడ్డ పట్టుకుని బోల్టు తీసి, మూత విప్పి, స్క్రూను లాగేయాలి. వేడిలో ఉన్న చెక్క చెక్కపుల్లతో గీకితే ఊడిపోతుంది. మర్నాడు చూద్దామని వదిలేస్తే రాయి. అలా బిగుసుకుంటే మూత కింద దీపం పెట్టి పావుగంట వేడి చేసి విప్పాలి. సుత్తి పెట్టి కొడితే పోత ఇనుము పగులుతుంది. నువ్వుల మిగులును వేడినీళ్ళలో నానబెట్టి కడగొచ్చు. అవిసెలకు మాత్రం మొదటే నీళ్ళు తగలనివ్వకూడదు, జిగురు కడుతుంది. ముందు పొడిగానే గీకి, బ్రష్షు పట్టి, చివర్లోనే నీళ్ళు. కడిగాక పూర్తిగా ఆరబెట్టి నూనె పూసి దాచాలి. అవిసెనూనె పూయొద్దు, అది ఆరి వార్నిష్‌లా అంటుకుపోతుంది. వేరుశనగ నూనె చాలు. అవిసెనూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి. గాలికి ఆరుతూ తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. విప్పి ఆరేయాలి, లేదా నీళ్ళలో వేసి ఉంచాలి.

తీసిన నూనె మబ్బుగా ఉంటుంది. గాజుసీసాలో కదపకుండా మూడు నుంచి ఏడు రోజులు ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది, పైతేటను ఒంపుకోవాలి. వడగుడ్డతో తొందరపడితే గుడ్డ రంధ్రాలు పూడుకుపోయి గంటలు పడుతుంది, ఫలితం అంతంతమాత్రం. అవిసెనూనె మాత్రం ముదురురంగు సీసాలో నిండుగా పోసి ఫ్రిజ్‌లో ఉంచి, కొద్ది వారాల్లోనే వాడేయాలి. చేదెక్కిందంటే పాడైందని లెక్క.

అరిగేది ముందుగా స్క్రూ కొన, మూతకు దగ్గరగా ఉన్న చుట్టు. బోల్టు ఎంత బిగించినా చెక్క జిడ్డుగానే వస్తుంటే, నూనెలో మడ్డి పెరుగుతుంటే, ఆ అంచు మొద్దుబారిందని అర్థం. దానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇసుకే. జల్లెడ పట్టి, ఒక అయస్కాంతాన్ని గింజల మీద ఆడిస్తే చాలా కాలం వస్తుంది. పిడి వైపున స్క్రూ ఆనే వాషరు దగ్గర ప్రతిసారీ రెండు చుక్కల వంటనూనె వేయాలి, లేకపోతే అక్కడ ఇనుమూ ఇనుమూ రాసుకుని నల్లటి పొడి రాలుతుంది.

ఒక లెక్క మాత్రం చెప్పాలి. కిలో నువ్వుల్లో దాదాపు 500 గ్రాముల నూనె ఉంటుంది. 350 తీస్తే 150 చెక్కలోనే మిగిలిపోయింది, అంటే 650 గ్రాముల చెక్కలో 23 శాతం నూనె. పెద్ద మోటారు ఎక్స్‌పెల్లర్లు (మిల్లుల్లోని స్క్రూ నూనె మరలు) దీన్ని పది శాతం లోపుకు తెస్తాయి. చెక్కను మళ్ళీ ఇందులోనే రెండోసారి ఆడిస్తే పిడికెడు చెమట, రెండు చెంచాల నూనె. నెలకు ఐదారు లీటర్లు కావాల్సిన ఇంటికి ఈ మర వద్దు, చేతులు పడిపోతాయి. అవిసెనూనెలాగా నిలవ ఉండని దాన్ని వారానికి పావు లీటరు తాజాగా తీసుకునేవాళ్ళకు, సొంత చేలో గింజ నాణ్యత చూసుకోవాలనుకునేవాళ్ళకు దీనికి మించింది లేదు. కొనేముందు విడి స్క్రూ, విడి మూత దొరుకుతాయో లేదో అడగండి. దొరకవంటే ఆ మోడల్ జోలికి పోవద్దు.