విశాఖ–అరకు యాత్ర: రాయితీ నిజంగా ఎక్కడ దొరుకుతుంది?

హైదరాబాద్ నుంచి నలుగురు విశాఖ వెళ్లి, అరకు చూసి రావాలంటే ఖర్చు ఎంతన్నది కూపన్ కంటే బయల్దేరే రోజును బట్టే తేలుతుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా శని, ఆదివారాల్లో అరకులో గది దొరకడమే గగనం. మంగళ, బుధవారాల్లో అదే గదికి ఫోన్ చేసి బేరమాడొచ్చు. అందుకే ముందు తేదీలు అటూఇటూ జరిపి చూడాలి, కూపన్ల సంగతి ఆ తర్వాత.

విమానమైతే గూగుల్ ఫ్లైట్స్‌లో ఏ రోజు ఎంతో ఒక్కచోటే కనిపిస్తుంది. అక్కడ ముందు ఒక్కరికి, తర్వాత నలుగురికి వెతకండి. ఒక్కరికి రూ.3,200, నలుగురికి తలా రూ.3,700 చూపించిందనుకుందాం. చవక సీట్లు నాలుగు లేవన్నమాట. ఆ ధరలో రెండే మిగిలినా, నలుగురికీ పై ధరే పడుతుంది. ఇద్దరిద్దరుగా తీసుకుంటే రూ.14,800 కాస్తా రూ.13,800 అవుతుంది. ఇందులో చిక్కు ఒకటే. పీఎన్ఆర్‌లు (బుకింగ్ నంబర్లు) రెండవుతాయి, విమానం రద్దయితే రెండింటికీ విడివిడిగా తిప్పలు పడాలి. పిల్లలున్న టికెట్‌లో పెద్దవాళ్లొకరు తప్పకుండా ఉండాలి.

బుకింగ్ యాప్‌ల్లో మొదటి పేజీ ధరను నమ్మొద్దు. కన్వీనియెన్స్ ఫీజు సాధారణంగా మనిషికింతని పడుతుంది, టికెట్ రద్దు చేసుకున్నా వెనక్కి రాదు. ముందే టిక్ పెట్టి ఉంచిన బీమా, విరాళం తీసేయాలి. పేమెంట్ పేజీ దాకా వెళ్లి, అక్కడ కనిపించిన మొత్తాన్ని విమాన సంస్థ సొంత సైట్‌తో పోల్చాలి. ‘రూ.1,500 వరకు తగ్గింపు’ అన్న కార్డు ఆఫర్లో ‘వరకు’ అన్న మాటే అసలు షరతు. నో కాస్ట్ ఈఎంఐ అన్నా బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ తప్పవు. అన్నిటికంటే చవగ్గా కనిపించే టికెట్లో చెక్-ఇన్ సామాను ఉండకపోవచ్చు. ఎయిర్‌పోర్టు కౌంటర్లో కట్టే సామాను ఛార్జీ ముందే ఆన్‌లైన్‌లో కట్టేదానికంటే బాగా ఎక్కువ.

చాలామంది వదిలేసుకునే డబ్బు ఇంకొకటుంది. ‘నాన్ రిఫండబుల్’ టికెట్ రద్దయినా, అసలు ప్రయాణమే చేయకపోయినా, ప్రభుత్వ పన్నులు, ఎయిర్‌పోర్టు వాడినందుకు వేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటివి తిరిగివ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. అడిగితేనే వస్తాయి, అడగండి.

నలుగురికీ కలిపి చూస్తే రైలే నయం. శంషాబాద్‌కు క్యాబ్ ఖర్చు కూడా మిగులుతుంది (విమానమే అనుకుంటే పుష్పక్ బస్సు ఉండనే ఉంది). ఐఆర్‌సీటీసీ ఫీజు మనిషికి కాదు, టికెట్‌కు: ఏసీకి యూపీఐతో కడితే రూ.20, కార్డుతో రూ.30, ఆపై జీఎస్టీ. ఒక్క టికెట్‌లో ఆరుగురి దాకా సర్దొచ్చు. దురంతో రైల్లో పది శాతం బెర్తులు నిండినప్పుడల్లా మూల ఛార్జీ పది శాతం చొప్పున పెరుగుతుంది, ఒక పరిమితి దాకా. కాబట్టి 60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన రోజే తీసుకోవాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఆ గొడవ లేదు. వందే భారత్‌లో భోజనం వద్దని ఎంచుకుంటే ఛార్జీ తగ్గుతుంది. 60 దాటినవారికి రైల్వే రాయితీ 2020 మార్చి నుంచి లేదు. ఏపీఎస్ఆర్టీసీలో మాత్రం 25 శాతం ఉంది, వయసు రుజువు చూపించాలి.

అరకు వెళ్లే కిరండోల్ రైలు విశాఖలో ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. రాత్రి రైలు దిగి నేరుగా అందులో ఎక్కుదామనుకుంటే, మొదటిది ఆలస్యమైతే రెండోది పోతుంది. రెండు పీఎన్ఆర్‌లనూ ఐఆర్‌సీటీసీలో లింక్ చేసుకుంటే అలా తప్పిన ప్రయాణానికి రిఫండ్ అడగొచ్చు. అయినా ఒక రాత్రి విశాఖలో ఆగడమే మేలు. ఆ రాత్రికి స్టేషన్‌కు దూరంగా ఉండే రుషికొండ బీచ్ వైపు వద్దు, చీకటితో ఆటో వెతుక్కోవాలి, మిగిలిందంతా దానికే పోతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్, ద్వారకానగర్ దగ్గర మామూలు లాడ్జి చాలు.

బీచ్ ఎదురుగా గది కావాలంటే పన్ను లెక్క చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 దాకా గదికి 5 శాతం జీఎస్టీ, అది దాటితే 18. అంటే రూ.7,400 గది రూ.7,770కి వస్తుంది, రూ.7,600 గది రూ.8,968 అవుతుంది. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గది ముందు పట్టుకుని, గడువులోపు ధర తగ్గితే కొత్తది తీసుకుని పాతది వదిలేయొచ్చు.

అరకు రైలుకుండే విస్టాడోమ్ (గాజు పైకప్పు) పెట్టెలో సీట్లు కొన్నే. వెళ్లేటప్పుడు అందులో వెళ్లి, తిరిగి రోడ్డు మీద రావడం మంచిది. అది ఇనుప ఖనిజం గూడ్సులు నడిచే లైను, బండి ఆలస్యం కావొచ్చు, అందుకే సాయంత్రం బండిని నమ్ముకుని రాత్రి రైలు పెట్టుకోకూడదు. రోడ్డు మీదైతే బొర్రా గుహలు, అనంతగిరి కూడా చూసుకుంటూ దిగొచ్చు. రాత్రి బస అక్కర్లేని వాళ్లకు పర్యాటక సంస్థ నడిపే ఒకరోజు రైలు–బస్సు ప్యాకేజీ బాగుంటుంది. అరకులో ఉండేవాళ్లకు హరిత మయూరి రిసార్ట్, కాస్త అడవి వాతావరణం కావాలంటే అరకు దారిలోని టైడా. సొంతంగా కారు మాట్లాడుకుంటే డ్రైవర్ బత్తా, పార్కింగ్, ఘాట్ రోడ్డు అదనం అన్నీ కలిపి ఎంతో వాట్సాప్‌లో రాయించుకోండి.