బరంపురం వస్తే ఎక్కడ తినాలి: బండి దగ్గరా, భోజనం హోటల్లోనా, ఏసీ రెస్టారెంట్‌లోనా?

పట్టుచీరలకనో, ఎంకేసీజీ ఆసుపత్రిలో ఎవరినైనా చూడడానికనో ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చే మా చుట్టాలు బస్సు దిగగానే అడిగేది ఒకటే, ఇక్కడ మంచి హోటల్ ఏది అని. నేను పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి గట్టిగానే చెప్తాను: పొద్దున్న ఒక చోట, మధ్యాహ్నం ఇంకో చోట.

పొద్దున్న అయితే బండి దగ్గరికే వెళ్లండి, రెండో మాట లేదు. ఇక్కడ టిఫిన్ అంటే పూరీ-ఉప్మా. రెండూ కలిపి తినడమేంటని మనవాళ్లు మొదట మొహం చిట్లిస్తారు గానీ, ఆకు దొన్నెలో పూరీలు పెట్టి, పైన గరిటెడు వేడి ఉప్మా వేసి, దానిమీద ఘుగుని, అంటే ఎండు బఠాణీల కూర పోసి చేతికిస్తే, పూరీ అడుగు కూరలో నాని మెత్తబడుతుంది, అంచు మాత్రం ఇంకా కరకరలాడుతుంటుంది. ఆ రెండు నిమిషాల్లోనే తినెయ్యాలి. ఆసుపత్రికి పార్సిల్ పట్టుకెళ్తే మాత్రం ముద్దయిపోతుంది, దానికి ఇడ్లీ కట్టించుకోండి. ఒకే బకెట్టు నీళ్లలో ప్లేట్లు ముంచి తీసే బండి వద్దు, ఆకులో పెట్టే బండి చూసుకోండి.

మధ్యాహ్నం సంగతే కాస్త ఆలోచించాలి. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా మా ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, అందుకే సాంబారు, చారు పెట్టే తెలుగు భోజనానికి ఈ ఊళ్లో కరువు లేదు. కానీ అది మీ ఇంట్లోనూ ఉంటుంది కదా! ఇంత దూరం వచ్చారు, ఒడియా భోజనం హోటల్‌కి వెళ్లండి. డాల్మా వేయించుకోండి, పప్పులో పచ్చి బొప్పాయి, అరటికాయ, వంకాయ, గుమ్మడి ముక్కలు వేసి ఉడికించి పంచఫుటణ, అంటే ఐదు దినుసుల తాలింపు పెడతారు, మన పప్పు కంటే తేలిగ్గా ఉంటుంది, కారం తక్కువ, పిల్లలూ తింటారు. చేప తినేవాళ్లు బేసర అడగండి. అది మన ఆవపెట్టిన కూరకి అక్కచెల్లెలు లాంటిది, శ్రీకాకుళం వాళ్లకి మొదటి ముద్దకే ఇంటి రుచి తగులుతుంది. ఒక్క జాగ్రత్త, చాలా చోట్ల ఉసునా, అంటే ఉప్పుడు బియ్యం అన్నం పెడతారు. అలవాటు లేనివాళ్లకి లావుగా, గట్టిగా అనిపిస్తుంది. కూర్చోగానే "అరువా భాత" ఉందా అని అడిగితే పచ్చి బియ్యం అన్నం తెస్తారు.

ఏసీ రెస్టారెంట్ వద్దనను. పెద్దవాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే, శుభ్రమైన బాత్రూమ్ కావాలంటే రాత్రి పూట అదే నయం. రుచి కోసం మాత్రం వెళ్లకండి. పోయినేడాది మా పిన్నివాళ్లని ఒక పెద్ద హోటల్‌కి తీసుకెళ్లాను, ముప్పావుగంట కూర్చోబెట్టి, విశాఖపట్నంలోనూ దొరికే అదే పన్నీరు కూర, నాన్ తెచ్చి పెట్టారు. ఊరు చూపిద్దామని తీసుకెళ్లి అది తినిపించినందుకు నాకే బాధేసింది.

సాయంత్రం ఖాళీ ఉంటే గోపాల్‌పూర్ వెళ్లొచ్చు, పదిహేను కిలోమీటర్లే. సముద్రం ఒడ్డున చేప వేయించమనే ముందే ధర తేల్చుకోండి.

కార్తీకంలో వచ్చేవాళ్లకి ఇంకో మాట. ఇక్కడివాళ్లు నెలంతా నీచు మానేస్తారు, చివరి ఐదు రోజులు, పంచుక, మరీ నిష్ఠగా ఉంటారు. చాలా హోటళ్లలో ఆ రోజుల్లో చేప ఊసే ఉండదు, అడగకపోవడమే మర్యాద. అయితే మన కార్తీకం అమావాస్య దాకా సాగితే వీళ్లది పున్నమితోనే అయిపోతుంది. ఆ మర్నాడు ఛాడఖాయి, అంటే మళ్లీ నీచు మొదలుపెట్టే రోజు, తెల్లవారేసరికే మాంసం కొట్ల దగ్గర క్యూలు కడతారు. కార్తీకం పాటించేవాళ్లు ఆ రోజు హోటల్లో కూర్చునే ముందు కూర ఏమిటో అడిగి కూర్చోండి.