రుషికొండలో వేసవి అలలు: ఏ యాప్ మాట ఎంతవరకు నమ్మొచ్చు

ఏప్రిల్, మే నెలల్లో విశాఖ రుషికొండకి సర్ఫింగ్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది ముందురోజు రాత్రి ఫోన్‌లో చూసేది ఒకే ఒక్క అంకె: అల ఎత్తు. 1.4 మీటర్లని కనపడితే బోర్డు సర్దేస్తారు. 0.8 అంటే అలారం కూడా పెట్టుకోకుండా పడుకుంటారు. ఈ తీరానికి సంబంధించినంత వరకు ఆ అంకె అంత పనికిరానిది ఇంకోటి లేదు. తప్పు యాప్‌ది కాదు, మనం చూడాల్సిన గడి వేరే ఉంది.

ఇక్కడ తూకం వేసేది మూడు సేవల్ని: ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారమిచ్చే కేంద్ర సంస్థ) వారి సముద్ర స్థితి అంచనా, విండీ, సర్ఫ్‌లైన్. విండీ పేరుతో రెండు వేర్వేరు యాప్‌లున్నాయి. ఈ రాసేది చెక్ దేశపు కంపెనీ నడిపే విండీ డాట్ కామ్ గురించి. తీర్పు ముందే చెప్పేస్తే, మొదటి రెండూ కలిపి చూస్తే రుషికొండకి సరిపోతుంది. మూడోది ఉన్నా లేకపోయినా ఒకటే.

సర్ఫ్‌లైన్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. 2023లో అలల అంచనాలిచ్చే ఇంకో సైటు మ్యాజిక్‌సీవీడ్‌ని తనలో కలిపేసుకున్నాక సర్ఫర్లకి పెద్ద అడ్డా ఇదే. కాలిఫోర్నియాలోనో హవాయిలోనో ఉంటే కెమెరాలు, మనుషులు రాసే అంచనాలు ఉంటాయి కాబట్టి దాని విలువ వేరు. మనకి దక్కేది లెక్కలోంచి వచ్చిన అంకె, దాని మీద బాగుంది, బాగోలేదు అనే ఒక రంగు పట్టీ. ఆ రంగుకి రుషికొండలో ఈ నెల ఇసుక దిబ్బ ఎక్కడుందో తెలియదు. పట్టీ చూడకుండా కింద ఉన్న స్వెల్ (ఎక్కడో దూరపు గాలికి పుట్టి ఇక్కడిదాకా వచ్చే అల) వివరాలు మాత్రం చదువుకుంటే నష్టం లేదు.

ఇక అసలు విషయం. మే నెలలో ఒక ఉదయానికి విండీలో ఇలా ఉందనుకోండి. మొత్తం అల 1.2 మీటర్లు, 7 సెకన్లు. సెకన్లంటే పీరియడ్, ఒక అల తర్వాత ఇంకో అల రావడానికి పట్టే సమయం. అదే పిన్ను (మ్యాపు మీద మనం ఎంచుకున్న చోటు) మీద స్వెల్ 0.6 మీటర్లు, 15 సెకన్లు, దిక్కు 178 డిగ్రీలు. గాలి అల (దగ్గర్లో వీచే గాలి లేపింది) 1 మీటరు, 5 సెకన్లు, దిక్కు 215. మొదటి గడిలోని 1.2 ఎలా వచ్చిందంటే, రెండు ఎత్తుల వర్గాలూ కూడి వర్గమూలం తీశారు. 0.36కి 1 కలిపితే 1.36, దాని మూలం 1.17. అంటే రెండు వేరువేరు సముద్రాల్ని ఒక డబ్బాలో పోసి కలిపిన అంకె అది. పైగా అది అన్ని అలల సగటు కాదు, పెద్దవైన మూడో వంతు అలల సగటు. మధ్యలో ఎప్పుడో ఒకటి దానికి రెట్టింపు దాకా కూడా లేవొచ్చు.

ఇప్పుడు దిక్కు చూడండి. యాప్‌లో దిక్కంటే అల వచ్చే వైపు, పోయే వైపు కాదు. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180 డిగ్రీలు. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది కాబట్టి రుషికొండ ముఖం ఆగ్నేయానికి, ఉరమరగా 135 డిగ్రీలకి ఉంటుంది. 215 నుంచి వచ్చే గాలి అల దాదాపు ఒడ్డుకి సమాంతరంగా భీమిలి వైపు సాగిపోతుంది. ఒడ్డుకి తిరిగేది అందులో కొద్ది భాగమే. అంకెల్లో పెద్దదిగా ఉన్న ఆ 1 మీటరు మీ బోర్డు కిందకి రాదు. 178 నుంచి వచ్చే 0.6 మీటర్ల స్వెల్ మాత్రం వస్తుంది.

వచ్చేది 0.6 లాగా కూడా రాదు. 15 సెకన్ల అల పొడవు లోతు నీళ్లలో 350 మీటర్లుంటుంది. అందులో సగం లోతు నుంచే, అంటే 175 మీటర్ల దగ్గరే, దానికి అడుగు తగులుతుంది. అక్కణ్ణించి వేగం తగ్గుతూ, ఒడ్డు వైపు వంగుతూ, నిటారుగా లేస్తుంది. సూటిగా వస్తే దిబ్బ మీద విరిగేటప్పటికి 0.6 కాస్తా రెట్టింపుకి దగ్గర పడుతుంది. మన తీరానికి ఏటవాలుగా వస్తుంది కాబట్టి కొంత పోయినా మీటరు చుట్టూ నిలుస్తుంది. అదే 0.6 మీటర్లు 6 సెకన్లదైతే 0.8 దాటడం కష్టం. కాబట్టి పై ఉదాహరణలో వచ్చే ఉదయం, "1.2 మీటర్ల గజిబిజి సముద్రం" కాదు. నడుము నుంచి ఛాతీ ఎత్తు దాకా లేచే శుభ్రమైన సెట్లు (ఒకదాని వెనక ఒకటి గుంపుగా వచ్చే అలలు), వాటి మధ్య నిమిషాల తరబడి ఖాళీ. దీనికి తిరగేసిన రోజూ ఉంటుంది. మొత్తం 1.4 అని ఊరించి, విప్పి చూస్తే అంతా 6 సెకన్ల గాలి అలే. ఆ రోజు దొరికేది నురగ, భీమిలి వైపు లాగే ప్రవాహం. దిగేటప్పుడు ఒడ్డున ఒక గుర్తు పెట్టుకోకపోతే పావుగంటలో ఎక్కడ తేలతారో తెలియదు.

పీరియడ్ ఎక్కువైతే అంత మంచిదని కూడా అనుకోవద్దు. రుషికొండ ఇసుక అడుగున్న బీచ్. 16, 17 సెకన్ల స్వెల్ ఒక్కటే వస్తే అల ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఒకేసారి కూలుతుంది. పక్కకి జారేందుకు భుజమే, అంటే ఇంకా విరగని పక్క భాగమే, మిగలదు. 10 నుంచి 13 సెకన్లది వస్తూ, దాన్ని అక్కడక్కడా తుంచడానికి ఇంకో చిన్న అల వేరే కోణంలో తోడైతే శిఖరాలు విడివిడిగా లేస్తాయి. నేర్చుకునేవాళ్లకైనా, అలవాటున్నవాళ్లకైనా ఈ బీచ్‌లో బాగా కుదిరేది అదే.

స్వెల్ దిక్కులో ఇంకో మెలిక శ్రీలంక. మ్యాపు మీద విశాఖ నుంచి కిందకి స్కేలు పెట్టి చూస్తే, 188 డిగ్రీల దగ్గర శ్రీలంక తూర్పు తీరం అడ్డొస్తుంది. అంతకంటే పడమటి నుంచి దక్షిణ మహాసముద్రపు స్వెల్ సూటిగా రాలేదు, అంచులు వంగి వచ్చేది తప్ప. కేరళకి నైరుతి వైపు అంతా తెరిచి ఉంటుంది, మనకి ఆ కిటికీ లేదు. అందుకే దిక్కు 165కీ 188కీ మధ్య ఉంటే నమ్మండి. 200 దాటి 14 సెకన్లని యాప్ చూపిస్తే కొంచెం అనుమానించండి. 200 దాటి 6 సెకన్లంటే అది తీరం వెంట వీచే నైరుతి గాలి లేపింది.

ఈ దక్షిణపు స్వెల్ ఎక్కడో 50 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర తుపానులో పుడుతుంది. అక్కణ్ణించి మనకి సుమారు 7,500 కిలోమీటర్లు. 16 సెకన్ల అలల గుంపు గంటకి 45 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది, అంటే వారం రోజుల ప్రయాణం. అల పుట్టేసి దారిలో ఉంటుంది కాబట్టి ఐదారు రోజుల ముందు చెప్పిన స్వెల్ అంచనా కూడా చాలావరకు నిలబడుతుంది. ఒడ్డు మీది గాలి అంచనా రెండు రోజులు దాటితే అంత గట్టిది కాదు. శనివారం వెళ్లాలా అన్నది సోమవారం స్వెల్ చూసి అనుకోండి. ఎన్నింటికి దిగాలన్నది శుక్రవారం రాత్రి గాలి చూసి తేల్చుకోండి.

ఇన్‌కాయిస్ విలువ తెలిసేది ఇక్కడే. సముద్రం కనపడని హైదరాబాద్ ప్రగతినగర్‌లో కూర్చుని దేశం చుట్టూ ఉన్న సముద్రానికి అంచనాలిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇది. అల ఎత్తు, స్వెల్ ఎత్తు, పీరియడ్, దిక్కు, గాలి, ప్రవాహం అన్నీ ఉచితం. "సముద్ర" అనే యాప్ కూడా ఉంది. వీటిని తయారుచేసింది మత్స్యకారుల కోసం, ఓడల కోసం. బీచ్‌లో బోర్డు పట్టుకుని నిలబడినవాణ్ణి దృష్టిలో పెట్టుకుని కాదు. అందుకే గ్రాఫులు చూడ్డానికి ఆఫీసు కాగితాల్లా ఉంటాయి, అలవాటు పడాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో కూడా బులెటిన్లు ఆగవు.

ఇన్‌కాయిస్‌లో మిగతావాళ్ల దగ్గర లేనిది ఒకటుంది. విశాఖ దగ్గర నీళ్లలో తేలుతూ అలల్ని కొలిచే పరికరం, వేవ్‌రైడర్ బోయ్. మిగతావన్నీ లెక్కలు, ఇది కొలత. పొడవైన పీరియడ్ అలలు వేగంగా నడుస్తాయి కాబట్టి స్వెల్‌లో ముందుగా తగిలేది అవే. ఎత్తు ఇంకా ఏమీ పెరగకుండానే బోయ్‌లో 17, 18 సెకన్ల అలలు కనపడటం మొదలైతే దక్షిణపు స్వెల్ ముక్కు తాకిందన్నమాట. అసలు ఒళ్లు మరుసటి రోజుకో, ఆ పై రోజుకో వస్తుంది. యాప్ చెప్పిన సమయానికి స్వెల్ ముందుందా, వెనకుందా అన్నది ఇలా పట్టుకోవచ్చు.

ఇన్‌కాయిస్ నుంచి "స్వెల్ సర్జ్" హెచ్చరిక వచ్చిందంటే దాన్ని సర్ఫ్ కబురుగా చదవకండి. కేరళవాళ్లు కల్లక్కడల్ అనేది ఇదే. గాలి ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, నీళ్లు మాత్రం చెప్పాపెట్టకుండా ఒడ్డు ఎక్కేస్తాయి. చెప్పులు, బ్యాగు, పిల్లలు అన్నీ ఇంకా పైకి ఉండాలి.

విండీని వాడే తీరు కూడా ఒకటుంది. అలల కోసం పిన్ను బీచ్ మీద పెట్టొద్దు. ప్రపంచమంతటికీ లెక్కగట్టే మోడళ్లలో ఒక్కో గడి పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒడ్డు మీది గడిలో సగం నేల, సగం నీళ్లు. రుషికొండకి ఎదురుగా పది పదిహేను కిలోమీటర్లు సముద్రంలోకి జరిపి పెట్టండి. గాలికి మాత్రం పిన్ను ఒడ్డు మీదే ఉండాలి. యూరప్ మోడల్, అమెరికా మోడల్ రెండూ తిప్పి చూడండి. స్వెల్ దిక్కు, పీరియడ్ రెండింట్లోనూ ఒకటే అయితే ఇంక ఆలోచించక్కర్లేదు. తేడా ఉంటే బోయ్ వైపు చూడటమే.

గాలి దగ్గరికొస్తే వేసవిలో రుషికొండకి ఉన్నది ఉదయం మూడు గంటలే. మే నెలలో ఐదున్నరకి ముందే వెలుగొస్తుంది. అప్పటికి నేల మీంచి సముద్రంలోకి పడమటి గాలి నాలుగైదు నాట్లలో (ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) ఉంటే అల ముఖం నున్నగా నిలబడుతుంది. పొద్దెక్కి నేల కాలేకొద్దీ సముద్రపు గాలి తిరుగుతుంది. పది నాట్లు దాటిందంటే ఆ రోజు ఆట ముగిసినట్టే. ఎనిమిదిన్నరకి బయటికి వచ్చేలా లెక్క వేసుకోవడం మంచిది. ఇందులో ఒక చిత్రం ఉంది. పడమటి వడగాలి బలంగా ఉన్న రోజుల్లో సముద్రపు గాలి లోపలికి రాలేక ఆలస్యమవుతుంది. ఊరు ఉడికిపోతుంటే అల మాత్రం పది, పదకొండు దాకా చెదరదు. వాతావరణ శాఖ కోస్తాకి వడగాలి హెచ్చరిక ఇచ్చిన రోజు సర్ఫ్‌కి మంచి రోజు కావొచ్చు, ఒంటికి కాదు. రెండు లీటర్ల నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, పొడుగు చేతుల రాష్‌గార్డ్ లేకుండా ఆ రోజు దిగకండి. జూన్ రెండో వారం నాటికి నైరుతి ఊపందుకుంటే ఈ ఉదయపు కిటికీ కూడా చాలా రోజులు మూసుకుపోతుంది.

ఆటుపోట్ల విషయంలో ఏ యాప్ అయినా దాదాపు ఒకటే చెబుతుంది. విశాఖలో పౌర్ణమి, అమావాస్యలకి తేడా మీటరున్నర చుట్టూ, అష్టమి, నవములకి అర మీటరు చుట్టూ ఉంటుంది. నిండు పోటులో అల దిబ్బ మీద విరగకుండా వచ్చి వాలు ఒడ్డు మీదే దబ్బున పడుతుంది. బోర్డు ముక్కులు విరిగేదీ, మెడలు పట్టేసేదీ అక్కడే. బాగా ఆటులో దిబ్బ మీద నీళ్లు చాలక ఒక్కసారిగా కూలుతుంది. మీటరు అల విరగాలంటే మీటరు పాతిక లోతు కావాలి. ఆటు అయిపోయి నీళ్లు ఎక్కుతున్న మధ్య రెండు గంటలు పట్టుకోండి. నీళ్లు దిగుతున్నప్పుడు దిబ్బల మధ్య కాలువల్లో రిప్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి పోయే ప్రవాహం) లాగుడు పెరుగుతుంది. అల విరగకుండా నల్లగా, ప్రశాంతంగా కనపడే సందు అదే. ఈతకొచ్చినవాళ్లు సురక్షితమనుకుని దిగేది కూడా సరిగ్గా అక్కడే. దొరికిపోతే ఎదురీదొద్దు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి వెళ్లి నురగలోంచి రావాలి.

మేలో బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. తూర్పు, ఆగ్నేయం నుంచి 9, 10 సెకన్ల అల తీరానికి సూటిగా వస్తుంది, వంగి తగ్గేదేమీ ఉండదు. యాప్‌లో 1.5 అంటే ఒడ్డున అంతకంటే ఎక్కువే. అప్పుడు చూడాల్సింది విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్, సర్ఫ్ యాప్ కాదు. మధ్యాహ్నపు ఉరుముల మబ్బులకి కైలాసగిరి రాడార్ చిత్రం, పిడుగులకి దామిని యాప్ రెండూ ఉచితమే. ఉరుము వినపడితే రాడార్ చూస్తూ కూర్చోకండి, నీళ్లలోంచి వచ్చేయండి.

డబ్బులు కట్టాలా అంటే, స్వెల్ కోసం అక్కర్లేదు. విండీ ఉచిత రూపంలో అంచనా మూడు గంటలకోసారి ఉంటుంది, చందా కడితే గంట గంటకీ వస్తుంది. ఐదున్నరకీ ఎనిమిదిన్నరకీ మధ్య గాలి ఎప్పుడు తిరుగుతుందో తెలియాల్సిన బీచ్ కాబట్టి, వారానికి మూడు నాలుగుసార్లు దిగేవాళ్లకి ఏప్రిల్, మే నెలల వరకు ఆ చందా గిట్టుబాటే. ఆదివారం ఒక్కరోజు వచ్చేవాళ్లు ఆ డబ్బుతో ఒక మంచి లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) కొనుక్కోండి.