చిన్న మిల్లింగ్ మెషీనుకు చవక డిజిటల్ స్కేళ్లు: ఎనిమిది నెలల వాడకం తర్వాత

నా మిల్లింగ్ మెషీను (తిరిగే కటరుతో లోహాన్ని కోసే యంత్రం) బల్ల మీద పట్టేంత చిన్నది. టేబుల్ అడ్డంగా 220 మిల్లీమీటర్లు, ముందుకూ వెనక్కూ 100 మిల్లీమీటర్లు కదులుతుంది. చేతి చక్రం ఒక చుట్టు తిప్పితే 2 మిల్లీమీటర్లు. టేబుల్‌ను జరిపే లీడ్ స్క్రూకూ నట్టుకూ మధ్య ప్లే (వదులు) డయల్ గేజితో కొలిస్తే ఎక్స్ (అడ్డం) వైపు 0.18, వై (ముందూ వెనకా) వైపు 0.25 మిల్లీమీటర్లు వచ్చింది. రాయగడ దగ్గర కాగితం మిల్లు వర్క్‌షాపులో 31 ఏళ్లు పనిచేశాను కాబట్టి, ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చి కొలత అందుకోవడం నాకు కొత్త కాదు. కానీ పదిహేడో చుట్టులో ఉండగా ఎవరైనా గేటు దగ్గర నిలబడి పిలిస్తే లెక్క తప్పుతుంది. అలా ఒక చుట్టు తప్పి ఒక సిలిండరు మూత పాడుచేశాను.

ఆ మూత దేనిదో చెప్పాలి. మా గుణుపురానికి ఒకప్పుడు నౌపడ నుంచి చిన్న రైలు వచ్చేది. 1900లో పర్లాకిమిడి దాకా వేసిన లైను తర్వాత మా ఊరికి వచ్చింది. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. 2004లో దాన్ని ఆపి, పెద్ద లైను వేశారు. మా నాన్న నన్ను ఎక్కించుకుని వంశధార పక్కగా తీసుకువెళ్లిన బండి అది. దాని ఆవిరి ఇంజన్‌ను ఆరో వంతు కొలతలో చేస్తున్నాను. 762ను ఆరుతో భాగిస్తే సరిగ్గా 127, అంటే అయిదు అంగుళాలు. నమూనా ఇంజన్లు చేసేవాళ్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న పట్టా కొలత అదే. ఈ లెక్క కుదిరిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పాడైన మూత ఇత్తడిది. 50 మిల్లీమీటర్ల వృత్తం మీద ఆరు రంధ్రాలు. నాలుగోది 2 మిల్లీమీటర్లు పక్కకు పడింది. అప్పుడు మా మేనల్లుడు, "మామయ్యా, ఇకనైనా టేబుల్ ఎంత కదిలిందో అంకెల్లో చూపే స్కేళ్లు తెప్పించండి" అన్నాడు. మూడు స్కేళ్లు, కొరియరు ఖర్చుతో కలిపి 7,400 రూపాయలు అయ్యాయి. గాజు స్కేళ్లూ పెద్ద డిస్‌ప్లే ఉన్న డీఆర్‌ఓ (డిజిటల్ రీడౌట్) సెట్టు దీనికి చాలా రెట్లు ఖరీదు. అంతకన్నా పెద్ద చిక్కు వాటి మందం. ఇంత చిన్న మెషీనుకు గాజు స్కేలు బిగిస్తే టేబుల్ కదలాల్సిన చోటు సగం అదే తింటుంది.

ఇవి డిజిటల్ వెర్నియర్ లోపల ఉండే సరకే. స్టెయిన్‌లెస్ పట్టీ మీద స్టిక్కరు, దాని కింద రాగి గీతల సర్క్యూటు, దాని మీద జారే రీడరు. కెపాసిటెన్సు మార్పును లెక్కపెట్టి 0.01 మిల్లీమీటరు దాకా చూపిస్తుంది. 200 అని రాసి ఉంటే అది రీడరు కదిలే దూరం. పట్టీ దానికన్నా పొడవుగా ఉంటుంది. కొనేముందు చోటు కొలుచుకోండి. నాకు వచ్చినవాటిలో ఒకదాని డిస్‌ప్లేలో ఒక గీత వెలగలేదు, 8కీ 6కీ తేడా తెలియలేదు. అమ్మినవాళ్లు మార్చి ఇచ్చారు కానీ మూడు వారాలు పట్టింది. సరకు రాగానే ప్రతి అంకెనూ చూసుకోవాలని అప్పుడు తెలిసింది.

బిగించడం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈ స్కేళ్ల మంచిచెడులు మూడొంతులు అక్కడే తేలతాయి. స్కేలు టేబుల్‌కు సమాంతరంగా లేకపోతే కొలత తప్పుతుందని చాలామంది భయపడతారు. నేను లెక్క వేశాను. 200 మిల్లీమీటర్ల పొడవులో ఒక మిల్లీమీటరు వంకర ఉన్నా, కొలతలో వచ్చే తేడా 0.0025 మాత్రమే. దాన్ని ఈ స్కేలు చూడనే లేదు. అసలు బాధ వేరు. వంకరగా ఉన్న పట్టీ రీడరును లాగుతుంది, రీడరు బిగుసుకుంటుంది, టేబుల్ ఒక చోట తేలిగ్గా, ఒక చోట బరువుగా తిరుగుతుంది. మొదటిసారి నేను రెండు చివరలూ గట్టిగా బిగించాను. మధ్యలో కదలిక మొరాయించింది. తర్వాత ఒక చివర మాత్రమే బిగించి, రెండో చివర బ్రాకెట్టులో పొడవాటి గాడి కోశాను. రీడరును శాడిల్‌కు (టేబుల్ కింద ముందుకూ వెనక్కూ జరిగే దిమ్మ) కలిపే ముక్కను అర మిల్లీమీటరు స్టీలు రేకుతో చేశాను. అది పైకీ కిందికీ కొద్దిగా వంగుతుంది, కదిలే దిశలో మాత్రం వంగదు. ఆ తర్వాత చక్రం వేలితో తిరిగింది.

ఎక్స్ స్కేలును టేబుల్ ముందు పెట్టాను. వెనక పెడితే తురుము అంతా దాని మీదే పడుతుంది, వై కదలిక కూడా తగ్గుతుంది. కానీ ముందు పెడితే శాడిల్ లాక్ స్క్రూలు దాని వెనకబడతాయి. ఆ స్క్రూలను వదులుకోవడం నాకు ఇష్టం లేదు. 12 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్కలు అడ్డంపెట్టి స్కేలును బయటికి జరిపాను, ఇప్పుడు స్పానరు దూరుతుంది. పోత ఇనుములో ఎం4 ట్యాప్ కొట్టడానికి (4 మిల్లీమీటర్ల స్క్రూకు మర కోయడానికి) 3.3 డ్రిల్ చాలు, ఆ ఇనుము మెత్తగానే కోసుకుంటుంది. వై స్కేలు పట్టీని పొడవు తగ్గించడానికి రీడరును దూరానికి లాగి, టేపు చుట్టి, పల్చని గ్రైండింగు డిస్క్‌తో కొద్దికొద్దిగా చల్లారనిస్తూ కోశాను. స్టిక్కరు అంచు లేచిందా అని మూడుసార్లు చూశాను. లేవలేదు. జెడ్‌కు (పైకీ కిందికీ కదిలే వైపు) నిలువు డిస్‌ప్లే ఉన్న రకం తీసుకున్నాను, గంటలో అయిపోయింది.

కరెంటు సంగతి మా ఊళ్లో ప్రత్యేకం. ఈ స్కేళ్లు ఎల్‌ఆర్44 బటన్ బ్యాటరీతో వస్తాయి. డిస్‌ప్లే ఆపినా లోపలి సర్క్యూటు మేలుకునే ఉంటుంది కాబట్టి అవి తొందరగా అయిపోతాయి. మా మేనల్లుడు ఫోను ఛార్జరు నుంచి ఎల్‌ఎం317 అనే వోల్టేజి తగ్గించే చిప్పుతో 1.5 వోల్టులు తీసి ఇచ్చాడు, 240 ఓంలు, 47 ఓంల రెసిస్టర్లు వేసి. స్కేలు లోహపు ఒంటికి తగిలి ఉండేది ధన ధ్రువమని వాడు మీటరుతో చూసి తెలుసుకున్నాడు. మామూలుగా రుణ ధ్రువాన్ని ఒంటికి కలిపే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. నెల రోజులు బాగానే నడిచింది. ఆషాఢంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. మెషీను ఆగడం ఒక ఎత్తు, మూడు స్కేళ్ల సున్నాలూ పోవడం ఇంకొక ఎత్తు. వైసులో సగం కోసిన పని ఉంది. మళ్లీ అంచు వెతుక్కోవడానికి రాత్రి పది దాటింది. మర్నాడే ఛార్జరు తీసేసి ప్రతి స్కేలుకూ ఒక ఏఏ సెల్ పెట్టాం. అదీ 1.5 వోల్టులే, నిల్వ ఉండే శక్తి బటన్ బ్యాటరీకన్నా ఎన్నో రెట్లు. ఇప్పటిదాకా మార్చలేదు.

వానాకాలంలో ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. కెపాసిటెన్సుతో పనిచేసేది కాబట్టి తడి, కటింగు ద్రవం దీనికి పడవు. నాలుగుసార్లు ఎక్స్ అంకెలు వాటంతట అవే గెంతాయి. పొడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే సర్దుకున్నాయి. పైన రేకు గొడుగు బిగించాక మళ్లీ రాలేదు. నీళ్లలాంటి ద్రవం ధారగా పోసి పనిచేసేవాళ్లకు ఈ స్కేళ్లు చెప్పను.

ఖచ్చితత్వం నేను ఊహతో చెప్పడం లేదు. స్నేహితుడి దగ్గర స్లిప్ గేజీలు (కచ్చితమైన మందం ఉన్న కొలత దిమ్మలు) అడిగి తెచ్చుకుని ఎక్స్‌ను 25, 50, 75, 100 దగ్గర పరీక్షించాను. తేడాలు సున్నా, 0.01, 0.02, 0.02. వై ఎక్కడా 0.01 దాటలేదు. జెడ్‌లో 0.03 ఉంది. అంటే చివరి అంకెను నమ్మకూడదు, దాని ముందు అంకెను నమ్మవచ్చు. బేరింగు కూర్చునే రంధ్రం కొలతకు నేను ఇప్పటికీ మైక్రోమీటరే తీస్తాను.

స్కేలు పెట్టాక ప్లే గొడవ తీరిందనుకునేవారికి ఒక మాట. కొలతలో ప్లే పోతుంది, మెషీనులో పోదు. కటరు లాగితే టేబుల్ ఆ 0.18 ముందుకు దూకుతుంది, స్కేలు దాన్ని నిజాయితీగా చూపిస్తుంది, అంతే. గిబ్ (టేబుల్ జారే చోట వదులు సరిచేసే పట్టీ) వదులుగా ఉంటే ఇంకా మోసం. నా మెషీనులో లాక్ బిగించినప్పుడు స్కేలు కదలలేదు, వైసు దవడ మీద పెట్టిన డయల్ గేజి మాత్రం 0.04 కదిలింది. స్కేలు కింద ఉంటుంది, కటరు పైన కోస్తుంది. మధ్యలో టేబుల్ వాలితే కింద తెలియదు. ముందు గిబ్‌లు సరిచేసి, తర్వాత స్కేళ్లు కొనండి.

మూతను మళ్లీ చేశాను. కేంద్రం దగ్గర రెండు స్కేళ్లూ సున్నా కొట్టి, కాగితం మీద రాసుకున్న కొలతలకు టేబుల్ నడిపాను: 25, 0, తర్వాత 12.5, 21.65, అలా చుట్టూ ఆరు. సిలిండరు మీద అవే కొలతలతో వేరే రోజు రంధ్రాలు వేశాను. ఆరు స్టడ్ల మీదా మూత చేతితో నొక్కితే కూర్చుంది, ఏ రంధ్రాన్నీ ఆకురాయితో రాయాల్సిన అవసరం రాలేదు. 7,400 రూపాయలు నాకు ఆ రోజే తిరిగి వచ్చినట్టు అనిపించింది.

డబ్బు ఒకదానికే ఉంటే ఎక్స్ తీసుకోండి, చుట్లు ఎక్కువ లెక్కపెట్టేది అక్కడే. నేను ఇప్పుడు లేతు క్రాస్ స్లైడుకు (కోసే పనిముట్టును అడ్డంగా జరిపే భాగం) 100 మిల్లీమీటర్ల స్కేలు చూస్తున్నాను. రీడరు 20 మిల్లీమీటర్లకన్నా మందంగా ఉంటే టెయిల్‌స్టాకుకు (పని రెండో చివరను ఆనించే భాగం) తగులుతుంది. ఆ మందం ఎంతో కొలిచి చెప్పమని అమ్మేవాళ్లకు రాశాను, జవాబు కోసం చూస్తున్నాను.