టికెట్ మీద నాలుగ్గంటలు, గుమ్మం నుంచి గుమ్మానికి పన్నెండు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో, మేడ మీదున్న ఓ చిన్న ట్రావెల్ ఆఫీసులో 2025 మే నెలకి సింగపూర్ టికెట్లు తీశాను. అమ్మాయి అక్కడే ఉంటోంది. నేనూ మా ఆవిడా విమానం ఎక్కడం అదే మొదలు.

కౌంటర్లో కుర్రాడు "ఏటి కంగారు మేస్టారూ, నాలుగ్గంటలే! ఓ కునుకు తీసి లేచేసరికి దిగిపోతారు" అన్నాడు. టికెట్ చూస్తే విశాఖలో రాత్రి 11కి బయల్దేరి 5.30కి చేరుతుందని ఉంది. ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆరున్నర నాలుగెలా అయిందని పట్టుకున్నాను. వాడు విసుక్కోలేదు. టికెట్ మీద ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారనీ, సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందనీ కాగితం మీద గీసి చూపించాడు. తిరుగు టికెట్ ఇంకా తమాషా: అక్కడ రాత్రి 8.45కి ఎక్కితే విశాఖలో 10.15. సుమారు 2,900 కిలోమీటర్లు గంటన్నరలో వచ్చేసినట్టు! ఆ ఓపికకి మాత్రం పదికి పది.

అయితే వాడి నాలుగ్గంటలు విమానంలో కూర్చున్నంతసేపే. మాకు దగ్గరయ్యే కొత్త భోగాపురం ఎయిర్‌పోర్టు అప్పటికి పనుల్లోనే ఉంది. కాబట్టి వంద కిలోమీటర్లకు పైగా పోయి, విశాఖ ఊరు దాటి అవతల దిగాలి. మూడు గంటల ముందే ఉండాలంటే సాయంత్రం 5కి కారెక్కాం. తగరపువలస దాకా హాయిగానే నడిచింది. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక మా ఆవిడ రాత్రికని కట్టిన పులిహోర డబ్బా అక్కడే విప్పేసింది. సింగపూర్‌లో దిగి, ఇమిగ్రేషన్ లైను దాటి, సామాన్లు తీసుకుని అమ్మాయి ఇంటికి చేరేసరికి అక్కడ 7.30. నా చేతి గడియారంలో ఇంకా 5. అంటే పన్నెండు గంటలు.

అన్నట్టు, అక్కడ ఏడైతే గాని తెల్లవారదు. మేలో మనకి ఐదున్నరకే ఎండ. రేఖాంశాల తేడా ఇరవై డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున గంటా ఇరవై నిమిషాలే రావాలి కదా, మరి రెండున్నర గంటలెందుకని అల్లుణ్ణి అడిగాను. 1982లో మలేషియా టైముతో కలపడానికి గడియారాన్ని అరగంట ముందుకి జరిపారట. అంతకుముందు నుంచే కొంత ముందుండేదట.

ఇక నాకు గుచ్చుకున్న విషయం. సింగపూర్‌లో దిగడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు, అంటే వచ్చేవాళ్ల వివరాల ఫారం, నింపాలి. అది నింపినందుకు ఆ ట్రావెల్ ఆఫీసులో తలకి నాలుగు వందలు తీసుకున్నారు. అక్కడి ప్రభుత్వ సైటులో అది పూర్తిగా ఉచితమని అమ్మాయి చెప్పాకే తెలిసింది. తిరిగొచ్చాక వెళ్లి అడిగితే "అది ఆఫీసు చార్జీ మేస్టారూ" అన్నాడు అదే కుర్రాడు, తల వంచుకుని. అయితే ఆ మాటే రసీదులో రాసిమ్మన్నాను. రసీదు పుస్తకం అయిపోయిందన్నాడు.